గొర్రె నాడి నేర్పినాయన

పోయిన నెల మా చెల్లిని స్కానింగుకని పలాస తీసుకెళ్ళాను. దానికి ఏడో నెల. లోపల డాక్టరమ్మ దాన్ని చూస్తుంటే నేను తెర ఇవతల బల్ల మీద కూర్చుని చీటీ మడతపెట్టుకుంటున్నాను. కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చే పొగ వాసన ఘాటుగా వస్తోంది. ఇంతలో తెర వెనక ఒక చప్పుడు మొదలైంది. హుష్, హుష్, హుష్ అని, ఎవరో తడిచీర ఆగకుండా జాడిస్తున్నట్టు. అది బిడ్డ గుండె చప్పుడు కాదు. బిడ్డది ఇంకా జోరుగా, టకటకమంటూ ఉంటుంది. ఇది తల్లిది, గర్భసంచికి రక్తం మోసుకెళ్ళే పెద్ద నాళంది. నా ప్రమేయం లేకుండానే నా కుడిచేతి వేళ్ళు రెండూ ఎడమ మణికట్టు మీదికి వెళ్ళిపోయాయి. కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పక్కనున్న ముసలావిడ నా వంక అదోలా చూసి, "ఏటమ్మా, ఏల ఏడుత్తన్నావు? లోపలున్నోల్లు బాగానే ఉన్నారు కదా?" అంది. బాగానే ఉన్నారమ్మా, ఆ చప్పుడు నాకు నేర్పినాయన గుర్తొచ్చాడు అన్నాను. "పెద్ద డాక్టరేటి?" అంది. "ఆఁ, గొర్రెల డాక్టరు" అన్నాను. ఆవిడ కొంచెం దూరం జరిగి కూర్చుంది.

సన్యాసిరావు గారు టెక్కలి మనిషి. పశువుల డాక్టరుగా ఉద్దానం ఊళ్ళన్నీ తిరిగి తిరిగి, రిటైరయ్యాక పలాసలో చిన్న డాబా వేసుకుని ఉండిపోయారు. రిటైరయ్యారన్న సంగతి కాగితాల్లోనే. గొర్రెల మందలవాళ్ళకి ఆ కబురు ఎవరూ చెప్పలేదో, చెప్పినా వాళ్ళు పట్టించుకోలేదో, ఏ గొర్రె ముక్కినా మూలిగినా ఆయన గుమ్మం ముందే కూర్చునేవారు. పొట్టి మనిషి. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చంకలో నల్ల గొడుగు పెట్టుకుని తిరిగేవారు. ఎంత ఎండలోనైనా ఆ గొడుగు తన నెత్తిన వేసుకోగా నేను చూడలేదు. నెలలు నిండిన గొర్రె ఎక్కడైనా ఎండలో రొప్పుతూ కనబడితే మాత్రం టపీమని గొడుగు విప్పి దాని మీద పట్టుకుని నిలబడేవారు. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవారు. "నవ్వండ్రా, నవ్వండి. మీకు సూలొత్తే తెలుస్తాది" అనేవారు.

నేను వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు ఒడ్డు పిల్లని. మా నాన్నది చేపల వేట. నాకు పశుసంవర్ధక సహాయకురాలిగా కంచిలి పక్కన ఉద్యోగం వచ్చేదాకా గొర్రెని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. పరీక్షలో మార్కులొచ్చాయి, అంతే. మొదటి వారంలోనే దాలయ్య అనే ఆయన మందకి గిట్టలు కత్తిరించే పని పడింది. నెలలు నిండిన గొర్రె ఒకటి ఎంతకీ కాలు ఇవ్వడం లేదు. నాకేమో మా నాన్న పడవ గుర్తొచ్చింది. వలలో తాబేలు చిక్కితే మావాళ్ళు ముందు దాన్ని వెల్లకిలా తిప్పేస్తారు. కాళ్ళు గాల్లో ఆడిస్తుంది తప్ప ఎక్కడికీ పోలేదు. అప్పుడు తీరిగ్గా వల విప్పి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. పట్టుకున్నదాన్ని కదలకుండా చెయ్యాలంటే తిరగెయ్యాలి, నాకు తెలిసిన విద్య అదొక్కటే. గొర్రెని కూడా అలాగే అమాంతం వెల్లకిలా తిప్పేసి, రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను. కాసేపు గింజుకుంది. తర్వాత ఎంత బుద్ధిగా ఊరుకుందో! నేను గర్వంగా చుట్టూ చూశాను.

అవతల చెట్టుకింద కూర్చుని ఉన్న సన్యాసిరావు గారు టీ గ్లాసు పారేసి పరిగెత్తుకొచ్చారు. "ఒగ్గీ! బేగి ఒగ్గీ దాన్ని!" అని అరుస్తూ నన్ను ఒక్క తోపు తోసి, గొర్రెని పక్కకి దొర్లించి, పొట్ట నేలకానేలా కూర్చోబెట్టి రెండు చేతులా పట్టుకున్నారు. దాని నాలుక నీలంగా ఉంది. "బాగానే ఊరుకుంది కద సార్" అన్నాను బిక్కమొహం వేసుకుని. "ఊరుకోలేదే గుంటా, సొమ్మసిల్లిపోతంది! దాని కడుపులో ఎంత బరువుంది? ఆ బరువంతా ఎన్నుపూస మీద పడింది. ఎన్నుపూస పక్కనే కదా గుండెకి రక్తం తిరిగెల్లే పెద్ద సిర. దాన్ని నువ్వు నొక్కీసినావు. గుండెకి రక్తం వత్తేనే కదా అది మల్లీ పంపుతాది?" అన్నారు. దాలయ్య మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "సముద్రం పిల్లకి గొర్రి ఏటి తెలుస్తాది బాబూ, సేపనుకున్నాది" అన్నాడు. నేను ఏడ్చేశాను. నిజం చెప్పాలంటే ఉద్యోగం మానేసి ఇంటికి పోదామనుకున్నాను. ఆయన నన్ను పోనివ్వలేదు. నా చెయ్యి పట్టుకుని అదే గొర్రె వెనకతొడ లోపలివైపు పెట్టి, "ఇక్కడ కొట్టుకుంటాది నాడి. కళ్ళు మూసుకో. నోరు కూడా మూసుకో. లెక్కెట్టు" అన్నారు. అరగంట సేపు అలాగే కూర్చున్నాం. ముందు దారంలా ఉన్న నాడి మెల్లగా నా వేళ్ళ కింద నిండుగా రావడం నాకు తెలిసింది. ఆ అరగంటే లేకపోతే నేనివాళ ఏ చేపల మార్కెట్లోనో ఉండేదాన్ని.

ఆ తర్వాత ఆయనే నాకు బడి పెట్టారు. మంద పడుకునే ఇసుక నేల మీద గొడుగు మొనతో బొమ్మ గీసేవారు. ఒక గుండె, దాన్నుంచి ఒక గొట్టం, చివర ఒక సంచి. గొర్రె చూలు కట్టక ముందు ఆ గొట్టం అగ్గిపుల్లంత. అయిదో నెలకి అదే పెన్సిలంత లావవుతుంది, గోడలు మెత్తబడి సాగుతాయి, గుండె పంపే దాంట్లో పెద్ద వాటా అటే పారుతుంది. ఒంట్లో రక్తం పెరుగుతుంది గానీ అందులో ఎర్రకణాల కంటే నీరు ముందు పెరుగుతుంది. అందుకే ఆఖరి నెలలో గొర్రె కనురెప్ప తిప్పి చూస్తే కాస్త పాలిపోయి కనిపిస్తుంది. మందలవాళ్ళు అది చూసి కడుపులో ఏలికపాములు పడ్డాయని హడిలిపోయి మందు మీద మందు పోసేవారు. "కొంచెం పాలిపోతే కంగారు పడకండ్రా. సున్నం కొట్టినట్టుంటే అప్పుడు రండి" అని వాళ్ళని కసిరేవారు. మామూలుగా డెబ్బై ఎనభై కొట్టుకునే నాడి నెలలు నిండేసరికి తొంభై, నూరు దాకా పోతుంది. అది జబ్బు కాదు, చాకిరీ. "ఒక్క గుండె, రెండిళ్ళ కాపురం" అనేవారు.

ఆయనకి అన్నిటికంటే ఒళ్ళు మండే విషయం మిట్టమధ్యాహ్నం మందని తోలడం. కేకలేసుకుంటూ సూడి గొర్రెల్ని రోడ్డు మీద పరిగెత్తించేవాణ్ణి ఎవణ్ణి చూసినా బండి ఆపించేవారు. "పరిగెడితే రక్తం కాళ్ళకెల్లాలి. ఎండలో ఉంటే తోలు కిందకెల్లాలి, ఒళ్ళు సల్లబడాలి కదా. మరి ఎవరి వాటాలోంచి తీస్తాది? లోపలున్నోడి వాటాలోంచి. ఆడు అడగలేడు కదా! తర్వాత పిల్ల పిడికెడుంది, సచ్చిపోనాది అని నా దగ్గరకొచ్చి ఏడుత్తారు" అని తిట్టేవారు. ఆ తిట్లకి ఒక్కరూ నొచ్చుకోగా నేను చూడలేదు. గొడుగెందుకో నాకు అప్పుడే అర్థమైంది.

ఆయన దగ్గర అరచేతిలో పట్టే చిన్న మిషను ఒకటి ఉండేది. పొదుగు పక్కన బొచ్చు లేని చోట జిగురు రాసి ఆనిస్తే లోపలి చప్పుడు వినిపించేది. తల్లి నాళం హుష్ హుష్, పిల్ల గుండె టకటక. కవలలుంటే రెండు టకటకలు, ఒకటి ఇటు, ఒకటి అటు. మొదటిసారి నేను విన్నప్పుడు సంతోషం పట్టలేక అరిచేశాను. గొర్రె బెదిరి నన్ను తన్నింది. "అది నీకిచ్చిన ప్రైజు" అన్నారాయన.

మా వైపు ఇంటింటా వినిపించే జబ్బే ఆయనకీ వచ్చింది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పలాసలో రోజు విడిచి రోజు డయాలసిస్ అన్నారు. దానికోసం ఎడమచేతిలో చిన్న ఆపరేషను చేసి ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. నేను చూడ్డానికి వెళ్తే ఆయన మంచం మీద కూర్చుని, ఏదో కొత్త బొమ్మ చూపించే పిల్లాడిలా చెయ్యి చాపారు. "వేళ్ళెట్టి సూడు. ఏటి తెలుస్తంది?" అన్నారు. కుట్టు కింద చర్మం సన్నగా జుమ్మంటోంది. భయమేసి చెయ్యి తీసేశాను. "బయమేల? సూడి ఆవుకి సెయ్యి లోపలెట్టి సూస్తే ఆ నాళం సరిగ్గా ఇలాగే జుమ్మంటాది. గొర్రికి సెయ్యి పట్టదు గాబట్టి మనకి మిషను కావాలి. పాఠం ఎతుక్కుంటా నా సేతిలోకే వచ్చింది. నానూ ఇప్పుడు సూడిదాన్నే" అని పగలబడి నవ్వారు. "సిగ్గులేకపోతే సరి" అని వంటింట్లోంచి అమ్మగారు, అంటే ఆయన భార్య, కసిరారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన కాళ్ళ వంక చూశాను. పాదాలు పొంగి ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు అమ్మగారు నన్ను వీధి అరుగు దాకా సాగనంపి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. గొర్రెలు ఈనే రోజులొచ్చాయి. ఆయన డయాలసిస్ ఎగ్గొట్టి మందల చుట్టూ తిరుగుతున్నారు. ఆ వారంలో రెండు సార్లు మానేశారు. రాత్రుళ్ళు పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీస్తున్నారు. "నేను చెప్తే వినరు. పిల్లలు చెప్తే వినరు. నీకు పని వచ్చిందనుకుంటే ఆయన వెళ్ళి ఆ మంచం మీద పడుకుంటారమ్మా. నీకు రాలేదనుకుంటే ఇలాగే తిరిగి తిరిగి పోతారు. నాకు ఇంకేం తెలీదు" అన్నారు. బస్సులో ఆ మాటే నన్ను తొలిచేసింది. నేను నేర్చుకోవడం అన్నది అప్పటిదాకా నా జీతం సంగతి, నా పరువు సంగతి. ఆ రోజు నుంచి అది ఆయన ప్రాణం సంగతి అయిపోయింది.

మర్నాడే ఆయన్ని నిలదీశాను. "మీరు సెంటరుకెళ్ళండి సార్. మందలు నేను చూసుకుంటాను" అన్నాను. "నువ్వా? నన్నడక్కుండా ఒక్క గొర్రినైనా సూసినావా?" అన్నారు. నిజమే. నాకు ఫోను జబ్బు. గొర్రె తుమ్మితే ఫోను, దగ్గితే ఫోను. సమాధానం నాకు తెలిసినా సరే, ఆయన నోటితో వింటే తప్ప నా చెయ్యి కదిలేది కాదు. ఆయనా అంతే, మొదటి రింగుకే ఎత్తేసేవారు. స్నానం చేస్తూ కూడా తడిచేత్తో ఎత్తి, "ఆఁ సెప్పు, నాడెంత?" అనేవారు. "ఎప్పుడు నమ్ముతారు మరి నన్ను?" అని గట్టిగానే అడిగాను. "నీకు నీ మీద నమ్మకం కుదిరినప్పుడు నాకూ కుదురుతాది" అని గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొండి ముసలాడు అని గొణుక్కున్నాను, ఆయనకి వినబడే ఉంటుంది.

చివరికి అమ్మగారు ఏడ్చి, నేను పోట్లాడి, శివరాత్రి వెళ్ళిన రెండో రోజున ఆయన్ని బలవంతంగా సెంటరుకి పంపాం. అదే రోజు పొద్దున్న పదింటికి దాలయ్య ఫోను చేశాడు. "గొర్రి కొబ్బరి పాదులో పడిపోనాదమ్మా, బేగి రా!" స్కూటీ వేసుకుని పోయాను. మా తోటల్లో కొబ్బరిచెట్టు మొదట్లో నీళ్ళు నిలవడానికి గుండ్రంగా లోతుగా తవ్వుతారు. ఆ గుంటలో కవల పిల్లల్ని మోస్తున్న గొర్రె దొర్లిపడి, వెల్లకిలా ఇరుక్కుపోయింది. నాలుగు కాళ్ళూ పైకి ఉన్నాయి. కడుపు ఉబ్బిపోయింది. ఎంతసేపయిందో ఎవరికీ తెలీదు. కదిపితే చస్తుందేమోనని దాలయ్య ముట్టుకోలేదు. ఇద్దరం గుంటలోకి దిగి దాన్ని పక్కకి దొర్లించి, పైకి లాగి, పొట్ట మీద కూర్చోబెట్టి అటూ ఇటూ గోనెసంచులు ఆనించాం. తొడ మీద చెయ్యి పెట్టాను. నాడి నూట నలభైకి పైన, సన్నగా, అందీ అందకుండా. మిషను పెట్టాను. ఒక పిల్ల గుండె జోరుగానే ఉంది. రెండోది దొరకలేదు. వెతగ్గా వెతగ్గా దొరికింది, కానీ డెబ్బై దగ్గర ఈడుస్తోంది. పిల్లకి అది నూట యాభైకి తగ్గకూడదు.

ఫోను తీశాను. రింగవుతోంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. ఆయన ఎత్తకపోవడం నాకు అదే మొదటిసారి. అవతల ఆయనకేమైనా అయిందేమో అని ఒక భయం, ఇవతల ఇది. "ఆ పిల్లల్ని లాగీమ్మా, ఉన్నవైనా దక్కుతాయి!" అని దాలయ్య నా చెవి దగ్గర అరుస్తున్నాడు. దసరా వెళ్ళిన నాలుగో రోజున పొట్టేలు కలిసిందని అతనే చెప్పాడు. అంటే ఇంకా పది పన్నెండు రోజులుంది. ఇప్పుడు లాగితే ఊపిరితిత్తులు పండని పిల్లలు బయటికొచ్చి చచ్చిపోతాయి. లాగకపోతే లోపలే పోతాయేమో. పద్నాలుగు సార్లు చేశాను ఫోను. పద్నాలుగోది ఆగిపోయాక దాన్ని ఇసుకలో పడేసి, ఒక చెయ్యి తల్లి తొడ మీద, ఒక చెయ్యి మిషను మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను. నోరు కూడా.

నూట ముప్పై. గొర్రె పెద్దగా త్రేన్చింది, కడుపు కొంచెం దిగింది. నూట ఇరవై. నాడి నా వేళ్ళకి ఆనుతోంది. పిల్లది ఎనభై, తొంభై. "ఇంకా ఏటి సూత్తన్నావమ్మా!" అన్నాడు దాలయ్య. "లాగను మావా. తల్లికి రక్తం తిరిగొస్తంది. దానికొస్తే ఆళ్ళకీ వాటా పంపుతాది. నువ్వు ఆ మట్ట తెచ్చి దాని మీద నీడ పట్టు" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. అతను నోరు మూసుకుని కొబ్బరిమట్ట పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల గుండె నూట పది, నూట ముప్పై, తర్వాత నూట యాభై దాటేసింది. గంటకి పైనే పట్టింది గొర్రె లేవడానికి. లేచి, తూలి, నిలదొక్కుకుని ముందు ఉచ్చ పోసింది. రక్తం కిడ్నీల దాకా తిరిగొచ్చిందన్నమాట. ఎవరు ఒంటేలుకెళ్ళినా నేనంత సంబరపడి ఉండను.

మధ్యాహ్నం సరాసరి పలాస వెళ్ళి ఆయన మీద విరుచుకుపడ్డాను. బతికున్నారో లేదో అని నేను చచ్చాను సార్ అన్నాను. మంచం మీద నీరసంగా పడుకుని ఉన్నారు. "ఫోను సైలెంట్లో ఉండిపోనాదే" అన్నారు. అమ్మగారు అటు తిరిగి చీర కొంగు సర్దుకున్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన రెండే ప్రశ్నలు వేశారు. "తల్లిదెంత?" చెప్పాను. "పిల్లదెంత?" చెప్పాను. "అయితే ఎల్లుండీ నాను సెంటరుకే ఎల్తాను. మందకి నువ్వెల్లు" అన్నారు. అంతే. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు.

పదకొండో రోజున ఆ గొర్రె రెండు పిల్లల్ని ఈనింది, రెండూ బతికాయి. డయాలసిస్ లేని రోజు చూసుకుని ఆయన వచ్చి, వాటి మీద గొడుగు పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. తర్వాత దాదాపు మూడేళ్ళు బతికారు. ఒక్క రోజు కూడా సెంటరు మానలేదు. నేను ఫోను చేస్తే గొర్రెల సంగతి కాకుండా మా నాన్నకి చేపలు పడ్డాయా అని అడిగేవారు. పోయింది నిద్రలో.

ఆయన పదకొండో రోజున భోజనాల దగ్గర ఒకావిడ నా పక్కన కూర్చుంది. డయాలసిస్ సెంటరులో నర్సు. "రత్నం అంటే నువ్వేనా? ఓ రోజు పద్నాలుగు సార్లు ఫోను చేసినావు" అంది. నీకెలా తెలుసని అడిగాను. "ఫోను తాతగారి కుడిచేతిలోనే ఉందమ్మా, నాలుగు గంటలూ. ఎడంచేతికి సూదులున్నాయి. మోగినప్పుడల్లా బీపీ పెరిగిపోడం, మిషను కూతెట్టడం. నాను ఎత్తి మాట్లాడతాను ఇలాగివ్వండి అంటే ఇవ్వలేదు. 'వద్దు తల్లీ, ఎత్తితే ఏటి సెయ్యాలో నాను సెప్పేస్తాను' అని కళ్ళంట నీళ్ళెట్టుకున్నారు. పైకి లెక్కెట్టుకుంటన్నారు. పద్నాలుగు అయ్యాక ఇంక రాలేదు. సానా సేపు ఫోను వంకే సూసి, 'పదిహేనోది రాలేదు' అన్నారు. అప్పుడు నవ్వినారు. బీపీ కూడా అప్పుడే దిగింది" అంది.

నాకు ముందు కోపమొచ్చింది. సైలెంట్లో ఉండిపోయిందట! మూడేళ్ళు ఆ అబద్ధాన్ని ఎంత భద్రంగా దాచారు. తర్వాత విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది. ఆ గొర్రె పోయుంటే, పిల్లలు పోయుంటే, ఆయన తనని తాను క్షమించుకునేవారా? నన్ను నమ్మడానికి ఆయన పడ్డ కష్టం ముందు నేను పడ్డది ఎంత?

ఇప్పుడు మందలవాళ్ళందరూ నాకే ఫోను చేస్తారు. వెంటనే మందు పేరు చెప్పను. "ముందు దాని తొడ మీద సెయ్యెట్టు. ఏటి తెలుస్తందో నువ్వే సెప్పు" అంటాను. అవతల గాలి చప్పుడు, మంద అరుపులు, ఎవరో గొణుక్కుంటూ లెక్కపెట్టడం వినిపిస్తాయి. ఇవతల నేను ఊపిరి బిగబట్టి ఆగుతాను. చాలాసార్లు జవాబు వాళ్ళే చెప్పేస్తారు. అంతవరకు వచ్చింది నాకు. కానీ ఫోను మోగుతుంటే చేతిలో పట్టుకుని, ఎత్తకుండా ఉండేంత గుండె మాత్రం ఇంకా రాలేదు.